సర్వహక్కులతో

ఇరవయ్యారేళ్ళుగా ఒకటే వాక్యం రాస్తున్నాను:
"నేటి నుండి సదరు ఆస్తి యందు
నాకు గానీ నా వారసులకు గానీ
ఎట్టి హక్కూ లేదు."
గుంటూరు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
జిరాక్సు షాపు రేకు కింద కూచుని
ఎన్ని ఇళ్ళని, ఎన్ని చేలని
ఒకరి పేరు మీంచి ఇంకొకరి పేరు మీదికి నడిపించానో.

కారు మాత్రం నాకు కొత్త.
కొత్తంటే తొమ్మిదేళ్ళది,
బ్రోకరు ఏసుపాదం చేతి మీదుగా కొన్నది.
అమ్మినాయన్ని చూళ్ళేదు.
ఆయన సంతకం చూశాను.
చివరి అక్షరం తోక
గీత దాటి కిందికి జారింది.
సీటు కింద ఎప్పటివో మిరపగింజలు.
ఏసీ వేస్తే మొదటి నిమిషం తుమ్ములే.

ఫోన్లో పాటలు కార్లో వినాలని ముచ్చట.
కొత్తపేట స్టీరియో షాపు కుర్రాడు అభిలాష్
బుల్లితెర మీద వేలితో తోసి తోసి చూసి
"ఐదు ఫోన్లకే చోటు బాబాయ్, ఐదూ నిండినియ్యి.
ఒకటి తీసేస్తేనే మీది పట్టుద్ది" అన్నాడు.
ఈసీ చదివినట్టు పైనుంచి కిందికి చదివాను.
జిలానీ.
జిలానీ యార్డు.
షంషాద్.
చిన్నోడి ట్యాబు.
అబ్బా.

ఆర్సీ నా పేరు మీదికి వచ్చి నెలన్నర.
ఆ సంగతి కారుకెవరూ చెప్పలేదు.
"ఏది కొట్టెయ్యమంటారు?"
కొట్టివేత పక్కన పొట్టి సంతకం ఉండాలి,
మా పనిలో అదొక రూలు.
"తర్వాత చూద్దాంలే" అన్నాను.

శ్రావణం. శ్యామలానగర్ గేటు పడింది.
గూడ్సు.
ఇంజను ఎప్పుడో పోయింది,
ఆఖరి డబ్బా ఇంకా ఏ ఊళ్ళో ఉందో.
చినుకులు.
నా అద్దం పక్కనే ఒక స్కూటరు,
నెత్తికి పాలిథీన్ కవరు కట్టుకున్న మనిషి,
కాళ్ళ మధ్య బియ్యం సంచి.

డాష్‌బోర్డు టింగుమంది.
తెర మీద పై పేరు వెలిగింది.
అటూ ఇటూ చూసేలోగా
నాలుగు తలుపుల్లోంచీ ఒక ఆడగొంతు:
"యాడున్నావయ్యా?"

బయట ఆయన ఫోను చెవికి నొక్కుకుని
హలో, హలో అంటున్నాడు.
పెదాలు కనిపిస్తున్నాయి.
ఆయన చెవికి అందాల్సిన మాట
నా సీటు కింద మోగుతోంది.

"అయ్యా, నిన్నే. యాడున్నా?"

"గేటు పడింది" అన్నాను.
ఎందుకన్నానో.
అది నిజమే గదా అనుకున్నానేమో.

గొంతు తేడాని గూడ్సు చప్పుడు మింగేసి ఉంటుంది.
"సరే. బియ్యం తడవనీమాక.
నువ్వూను."

కట్టయింది.
ఆయన ఫోన్ని తొడకేసి తుడిచి
తెర వంక చూసి
జేబులో పెట్టుకుని, ఇటు తిరిగాడు.
తలుపు మీద సొట్ట దగ్గర చూపు ఆగింది.
చెయ్యి చాచి
బొటనవేలితో ఒక్కసారి తడిమాడు,
పంటి నొప్పున్న పిల్లాడి బుగ్గ తడిమినట్టు.

అద్దం దించుదామనుకున్నాను.
దించి ఏం చెప్పను?
మీ ఆవిడ తడవొద్దంది అనా?
మీ బదులు నేను సరేననిపించుకున్నాను అనా?
గేటు లేచింది. వెనక హారన్లు.
నాలుగు బళ్ళ అవతలికి పోయాక
తెర మీద ఆయన పేరు ఆరిపోయింది.
మాట నా దగ్గరే ఉండిపోయింది.

మర్నాడు కొత్తపేట వెళ్ళి
నూటయాభై పెట్టి తీగ కొన్నాను.
"ఈ రోజుల్లో తీగేంది బాబాయ్,
ఒక్క పేరు తీసేస్తే పోయేదానికి?"
అభిలాష్ నవ్వాడు. నవ్వనీ.
ఐదు పేర్లూ అట్లాగే ఉన్నాయి.

తీగ గేరు రాడ్డుకి చుట్టుకుంటుంది.
మూడో గేరు వేస్తే ఎడమ స్పీకరు మూగబోతుంది.
పాట సగమే వస్తుంది.
మిగతా సగం నేను పాడతాను.
మా అనసూయ
కిటికీ వైపు తిరిగి కూచుంటుంది.